పది నిమిషాల మాట

"అక్కా, పెట్టె ఈరోజు ఫాదరు గారికి ఇచ్చేస్తున్నామని ఆవిడతో చెప్పు," అన్నాడు కళ్లద్దాల మేస్త్రీ, వంగి బూటు తాడు ముడివేసుకుంటూ.

ఆవిడ ఊళ్లో లేని మనిషేమీ కాదు. రెండడుగుల దూరంలో, వంటింటి గుమ్మంలో, తడిచేతులతో నిలబడి ఉన్న అతని భార్యే.

కిటికీ పక్కన బఠాణీలు ఒలుస్తున్న పెద్దక్క తల ఎత్తలేదు. "నేనేమన్నా మీ ఇద్దరి మధ్య లాగిన తీగనట్రా? పదకొండు నెలల్నుంచి మోస్తున్నాను మీ మాటలు. గాడిదైనా మధ్యలో ఓసారి కూలబడుతుంది."

"చెప్పక్కా."

"ఏమే మరదలా, నీ మొగుడు పెట్టె ఇచ్చేస్తాడట. విన్నావా, మళ్లీ చెప్పాలా?"

"విన్నాను వదినా. ఎందుకో అడుగు."

"ఎందుకురా?"

"కొత్త సరంజామా వచ్చిందని చెప్పు. సినిమాలాగా తెరమీద వేసి చూపిస్తారట. ఇక మనం మాట్లాడక్కర్లేదని చెప్పు."

మనం అన్నాడు. పదకొండు నెలల్లో ఆ ఇంట్లో ఆ మాట వినపడటం అదే మొదలు. అదీ ఇక అక్కర్లేదని చెప్పడానికి.

పెద్దక్క నోరు ఊరుకోదు. "ఇంకేం. వారానికి పది నిమిషాలైనా మీ కాపురాన్ని ఎండలో పెట్టేవాళ్లు. అదీ పోయిందంటే ఇక బూజు పట్టడమే," అంది.

ఎవరూ నవ్వలేదు. భార్య వెనక్కి తిరిగి, కట్టేసి ఉన్న కొళాయినే మళ్లీ గట్టిగా బిగించింది.

ఆ రేకుపెట్టె ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా ఉంది. ఫాదరు గారి గుడిలో జ్ఞానవివాహం, అంటే క్రైస్తవ పద్ధతి పెళ్లి, చేసుకోబోయే జంటలు ముందుగా నాలుగు శనివారాలు గుడి వెనక హాల్లో కూర్చుని పెళ్లంటే ఏమిటో నేర్చుకోవాలి. నేర్పేది ఈ మొగుడూపెళ్లాలే. పెట్టెలో ఆరు పటాలు, ఒక కట్ట చీటీలు, ఒక టేబులు గడియారం. పటాలు మడతల దగ్గర చిరిగినప్పుడల్లా వెనక గుడ్డ వేసి, జిగురు పట్టించి, రెండు రోజులు బరువు కింద పెట్టి వాటికి ఆయుష్షు పోసింది ఆమే. ఆమెది పుస్తకాల బైండింగు పని. పట్టుకుంటే చాలు, కట్టలో ఒక్క కాగితం తగ్గినా ఆమె బొటనవేలికి తెలిసిపోతుంది.

పటాలు చూపించడం అతని వంతు. రెండో పటం దగ్గరికొచ్చేసరికి అతని గొంతు మారేది. "మీ పెళ్లి చేసేది ఫాదరు గారనుకుంటున్నారేమో. కాదు. ఆయన సాక్షి. పెళ్లనే ఈ సంస్కారం మీరిద్దరే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు," అనేవాడు. మూడో పటం ఇంకా కఠినం. భయపడి చెప్పిన ఔను, మొహమాటానికి చెప్పిన ఔను, మనసులో లేని ఔను, ఇవేవీ దేవుడి ముందు ఔను కావు అని.

ఆ మూడో పటమే వాళ్ల కొంప ముంచింది.

కూతురు చిన్నప్పుడు ఆ హాల్లోనే చివరి బెంచీ మీద హోంవర్కు చేసుకుంటూ పటాలన్నీ కంఠతా పట్టిన పిల్ల. పెద్దదై, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం సంపాదించి, అక్కడే ఒకతన్ని ఇష్టపడింది. ఒకరోజు బైండింగు షాపుకొచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"గుడిలో నిలబడి చెప్పాల్సిన మాట నేను నమ్మడం లేదమ్మా. నమ్మకుండా చెబితే నాన్న మూడో పటం ప్రకారం అది అబద్ధం. నాన్న ముందు అబద్ధం చెప్పి చేసుకోనా, నిజం చెప్పి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకోనా?"

తల్లి కాదనలేక, ఔననలేక, చివరికి వెళ్లి సాక్షి సంతకం పెట్టి వచ్చింది.

అతనికి తెలిసిన తీరు చూడండి. రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తా ఒకాయన కొత్త కళ్లజోడు పెట్టించుకుని, సన్న అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవడానికి జేబులోంచి ఒక జిరాక్సు కాగితం తీశాడు. "బ్రహ్మాండం మేస్త్రీ గారూ, కింద సంతకాలు కూడా తెలుస్తున్నాయి. కావాలంటే మీరూ చూడండి," అని చేతికిచ్చాడు. మేస్త్రీ చూశాడు. పెళ్లికూతురి పేరు చూశాడు. సాక్షి సంతకం చూశాడు.

తిట్టలేదు, కంచం విసరలేదు. డబ్బాకు మూత పెట్టినట్టు నోటికి మూత పెట్టేశాడు.

సంతకం వల్లే అతనికి అంత పట్టుదల అని పెద్దక్క అనుకుంటుంది, అతనూ అనుకుంటాడు. దాని వెనక ఇంకో సగం ఉందని ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ రోజు షాపులోంచి లేస్తూ కూతురు అంది: "నాన్నను రమ్మని చెప్పమ్మా. లోపలికి రాకపోయినా పరవాలేదు. మెట్ల దగ్గర నిలబడినా చాలు." చెబుదామనే ఇంటికొచ్చింది. అతను మంచం మీద పటాలు పరిచి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే దుమ్ము తుడుస్తున్నాడు, పసిపిల్ల ముఖం తుడిచినట్టు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. కూతురేమో నాన్న రానన్నాడనుకుని అలిగింది. తండ్రేమో కూతురు పిలవనే లేదనుకుని కుమిలాడు. మధ్యలో ఆమె మింగలేక, కక్కలేక.

అయినా శనివారాలు ఆగలేదు. ఆ శనివారాల్లోనే ఉంది అసలు సంగతి.

పటాలయ్యాక పది నిమిషాల మాట ఉంటుంది. ఒక పెళ్లికూతురు కట్టలోంచి చీటీ తీస్తుంది. దానిమీది ప్రశ్న గురించి ముందు ఈ మొగుడూపెళ్లాలు అందరి ఎదుటా పది నిమిషాలు మాట్లాడుకోవాలి. గంట కొట్టగానే జంటలు తలో బెంచీకి వెళ్లి అలాగే మాట్లాడుకుంటాయి. ఒడ్డున కూర్చుని ఈత నేర్పలేం కదా.

అలా పదకొండు నెలలుగా ఆ ఇల్లు చీటీల మీద నడిచింది. "నీ జీవిత భాగస్వామి ఈ వారం గమనించనిది ఏమిటి?" అన్న చీటీ వచ్చిన రోజు అతను, "ఎడమ బూటు కరుస్తోంది," అన్నాడు. సోమవారం సాయంత్రానికి ఆ బూటు సాగదీయించుకుని వచ్చి మంచం కింద ఉంది. "దిగులుగా ఉన్నప్పుడు నీకు తెలియకుండా నువ్వు చేసే పని ఏది?" అన్న చీటీకి ఆమె నోరు తెరిచేలోపే, "కూరలో రెండుసార్లు ఉప్పేస్తుంది," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి ఉప్పు డబ్బా మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడింది. చూస్తున్నాడన్నమాట. తింటూ, తల ఎత్తకుండానే, చూస్తున్నాడన్నమాట.

గంట కొట్టగానే మళ్లీ మూత. దారిలో ఉలుకూ పలుకూ ఉండదు. అయినా సరే, ఆమె శనివారం మధ్యాహ్నం ముఖం రెండుసార్లు కడుక్కునేది. పెళ్లయిన కొత్తలో కూడా అంత ఆత్రం లేదు. నువ్వు అంటాడు ఆ పది నిమిషాలూ. ఆవిడ అనడు. కళ్లలోకి చూసి, నువ్వు అంటాడు.

ఆ మాటే ఈరోజుతో ఆఖరు.

అతను పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. ఆమె నాలుగడుగులు వెనక. మందుల షాపు, మూతపడిన స్టూడియో, సైకిళ్లు బాగుచేసే చోటు, అన్నీ దాటారు. మలుపు దగ్గర పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఒకప్పుడైతే చెరో పిడీ పట్టుకునేవాళ్లు. ఆ రెండో పిడి ఖాళీగా, నడకకు కొట్టుకుంటూ, టిక్కు టిక్కుమని దారంతా చప్పుడు చేసింది.

హాల్లో తెల్లటి తెర కట్టి ఉంది. ఏడాది కిందట వచ్చిన కుర్ర ఫాదరు గారు వైర్లతో కుస్తీ పడుతున్నారు. బల్లమీద నిగనిగలాడే పుస్తకాలు, ఖాళీలు పూరించేవి. మేస్త్రీ పటాలు తగిలించడానికి మేకుల దగ్గరికి వెళ్లగానే ఫాదరు గారు ఆమె దగ్గరికి వచ్చారు.

"ఏమీ అనుకోకండమ్మా. మేస్త్రీ గారి ఉత్తరం చూశాక నాకు వేరే దారి తోచలేదు."

"ఏ ఉత్తరం, ఫాదర్?"

ఆయన చేతిలో వైరు ఆగిపోయింది. "మీకు తెలుసనుకున్నాను."

"ఇప్పుడు తెలుసుకుంటాను. చెప్పండి."

"ఇంట్లో భార్యతో మాట్లాడని మనిషిని ఇక్కడ పిల్లల ఎదుట మాట్లాడుతున్నాను, మనసులో లేని మాట మాట కాదని నేనే చెబుతాను, ఇక ఈ అబద్ధం నావల్ల కాదు, మమ్మల్ని తప్పించండి అని రాశారు."

ఆమె గోడకేసి చూసింది. అతను మూడో పటం వంకర లేకుండా సరిచేస్తున్నాడు.

తండ్రీ కూతుళ్లది ఒకటే అచ్చు. నమ్మనిది చెప్పనని ఆ పిల్ల గుడి మానుకుంది. అదే మాట మీద ఈ పెద్దమనిషి ఆ పది నిమిషాలూ మానుకుంటున్నాడు. మధ్యలో అబద్ధమంటే భయం లేనిది తనొక్కతే.

"అబద్ధమనే రాశారా, ఫాదర్? ఆ మాటే?"

"ఆ మాటే అమ్మా." ఆయన తెరవైపు ఇబ్బందిగా చూశారు. "అందులో జంట కూడా చక్కగానే మాట్లాడుతుంది. అయితే వాళ్లు నటులట. వాళ్లకు పెళ్లయిందో లేదో ఎక్కడా రాయలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు గొంతు దాకా వచ్చి దారి తప్పింది. కనపడకుండా పెట్టె మీదికి వంగి చీటీల కట్ట చేతిలోకి తీసుకుంది.

బొటనవేలు ఉలిక్కిపడింది.

పదకొండు నెలలుగా కట్టలో ఒక చీటీ తక్కువ. ఏ బెంచీ కిందో పడి ఉంటుందిలే అనుకుంది. ఈరోజు కట్ట నిండుగా ఉంది. పెట్టె అప్పగిస్తున్నాడు కదా, తనది కానిది ఒక్క గుండుసూది కూడా ఉంచుకోడు ఆ మనిషి. ఒక్కొక్కటే తిప్పి చూసింది. మధ్యలో దొరికింది. నాలుగు మూలలూ అరిగి గుండ్రమయ్యాయి. ఒక వైపు జేబులో పెన్ను కారిన నీలం మరక. నిలువునా వంపు తిరిగింది, ఛాతీకి ఆనుకుని ఆనుకుని.

"నన్ను క్షమించమని నిన్ను అడగడానికి నాకు అడ్డుపడుతున్నది ఏమిటి?"

ఆమె కట్ట మూసింది. మళ్లీ తెరిచింది. ఆఖరి పది నిమిషాలు ఏ పనికిమాలిన చీటీకో పోతాయా? మనసు ఊరుకోలేదు. అరిగిన చీటీని గోరంత పైకి తోసింది. మిగతావి సర్దింది. పొగరుబోతు పిల్లలా అది ఒక్కటే తల పైకెత్తి నిలబడింది.

జంటలు మూడే వచ్చాయి. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, ఆమెను చేసుకోబోయే బస్సు డ్రైవరు ముందు బెంచీలో. మేస్త్రీ ఆరు పటాలూ చెప్పాడు. మూడో పటం దగ్గర మాత్రం చదివినట్టు చెప్పి గబగబా దాటేశాడు.

"ఇక పది నిమిషాల మాట," అన్నాడు. ఆమె లేచి కట్టను ఆ పిల్ల ముందు పట్టింది.

పిల్ల వంగి చూసింది. "ఇది నలిగిపోయిందండీ," అని, దాని పక్కన ఉన్న తెల్లటి చీటీ లాగి చదివింది. "పొద్దున్నే ముందు లేచేది ఎవరు?"

బెంచీలు నవ్వాయి. దొంగకు దొరికిన సొత్తు కూడా దక్కలేదు.

మేస్త్రీ ఆ తెల్ల చీటీ తీసుకున్నాడు. చదివాడు. తిరిగి కట్టలో దోపాడు. అప్పుడు తల పైకెత్తి ఉన్న చీటీ కనిపించింది. దాన్ని చూశాడు, ఆమె బొటనవేలిని చూశాడు. అతనికి ఆ వేలు తెలుసు. రెండు వేళ్లతో ఆ అరిగిన చీటీ బయటికి తీశాడు.

"చీటీ మీరు ఏరుకోకూడదు కదా మేస్త్రీ గారూ. మొదటి రోజు మీరే చెప్పారు," అన్నాడు బస్సు డ్రైవరు.

"చెప్పాను. తప్పు నాదే, రాసుకోండి," అన్నాడతను. చీటీ చదివి వినిపించి, గడియారానికి కీ ఇచ్చి, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

ఒక నిమిషం పోయింది. రెండు. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అయిదో నిమిషంలో అతను కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అందులో తుడవడానికి మరకేమీ లేదు. ఏడో నిమిషం దాటింది.

"ఆ రోజు..." అన్నాడు. "ఆ రోజు అమ్మాయి ఏ రంగు బట్టలు వేసుకుంది?"

ఊర్లో ఉన్న గాలంతా ఆ హాల్లోకి వచ్చినట్టయింది ఆమెకు.

"నీలం. మీరు పుట్టినరోజుకి కొన్న నీలం. భుజాల దగ్గర కుట్టు విప్పి వదులు చేయించుకుంది."

"ఒళ్లు చేసిందా?"

"కొంచెం. బాగుంది."

"అడిగినప్పుడు... ఔనని ఎలా అంది? గొణిగిందా?"

"గొణగడమేంటి. బల్ల అవతల గుమస్తా ఉలిక్కిపడ్డాడు."

అతని పెదవి ఒక పక్కకు కదిలింది. "మనసారా అందా? నువ్వు దగ్గరే ఉన్నావుగా. నిజం చెప్పు."

"మనసారా అంది. అంత నిజమైన ఔను నేను ఈ హాల్లో కూడా వినలేదు."

అతను తలూపాడు. చాలాసేపు ఊపాడు.

గంట మోగింది.

ఆమె అతని ముఖం చూడలేదు, చేతులు చూసింది. పదకొండు నెలలుగా ఆ చప్పుడు వినగానే ఆ చేతులు మోకాళ్ల మీద ఆనేవి, మనిషి లేచిపోయేవాడు. ఈరోజు కుడిచెయ్యి గడియారం మీద పడింది. అరచేతి కింద గంట, పట్టుకున్న పిట్టలా గిలగిల్లాడింది.

"ఆ తరవాత?" అన్నాడు.

గంట కొట్టాక అడిగాడు. నిజంగా అడిగాడు.

ఆ తరవాత ఇంటికొచ్చాను అంటే చాలు. రెండే మాటలు. సాయంత్రం చెరో పిడీ పట్టుకుని ఇంటికి నడవచ్చు. పెద్దక్కకు కాస్త విశ్రాంతి ఇవ్వచ్చు. ఉప్పు ఒక్కసారే వెయ్యచ్చు. పదకొండు నెలలు దేనికోసం ముఖం రెండుసార్లు కడుక్కుందో అది చేతికందేంత దూరంలో కూర్చుని తనవైపే చూస్తోంది.

అతని భుజం వెనక గోడమీద మూడో పటం. అంచున ఆమె తన చేత్తో అంటించిన గుడ్డ.

"తరవాత కాదు. అంతకుముందు ఒకటుంది," అంది.

"ఏమిటి?"

"లోపలికి వెళ్లకముందు అరగంట మెట్ల మీద నిలబడింది. వీధి చివరికే చూస్తూ. మీకోసం."

అతను అర్థం కానట్టు చూశాడు. "నాకోసమా? నన్ను పిలవందే?"

"పిలిచింది. మెట్ల దగ్గర నిలబడినా చాలు, నాన్నను రమ్మను అంది. నాతోనే చెప్పి పంపింది." ఆమె ఊపిరి తీసుకుంది. "నేనే చెప్పలేదు మీకు."

పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల బస్సు డ్రైవరు చెయ్యి పట్టుకుంది. తెర పక్కన ఫాదరు గారు వైరు నేలమీద పెట్టేశారు, చప్పుడు కాకుండా.

అతను గడియారం మీంచి చెయ్యి తీశాడు. గంట ఎప్పుడో ఆగిపోయింది. లేవలేదు. అరచేతిలో చెమ్మగిల్లిన చీటీని బల్లమీద పెట్టి, వంపు పోయేలా ఒకసారి అదిమి, ఒక వేలితో ఆమె ముందుకు తోశాడు.

"ఈసారి నువ్వు చదువు," అన్నాడు.